మోగని పది మెట్లు

సర్వీసులో ఉన్నన్నాళ్లూ నా పని వస్తువులకు చావు రాయడం. ఒక ప్రభుత్వ ఆఫీసు స్టోర్సులో ఉండేవాణ్ణి. విరిగిన కుర్చీ, కాలిపోయిన మోటారు, చిల్లుపడ్డ ట్యాంకు, ఏదైనా సరే, నేను చూసి 'పనికిరాదు' అని రాసి సంతకం పెడితేనే తుక్కులోకి వెళ్లేది. దాన్ని కండెమ్ చేయడం అనేవాళ్లం. నాకొక నియమం ఉండేది. తెరిచి చూడందే సంతకం పెట్టను. మోటారైతే మూత ఊడదీయాలి, బీరువా అయితే వెనక్కి తిప్పి చూడాలి. ముసలాయనకు చాదస్తం అని కుర్రాళ్లు నవ్వుకునేవారు. నవ్వుకోండిరా, మీ సొమ్మేం పోయింది అనేవాణ్ణి. రిటైరైన రోజు దండ వేసి మా పై ఆఫీసరు అదే చెప్పాడు, ఈయన సంతకం కింద ఒక్క అబద్ధం కూడా లేదని. ఆ మాట విని నేను పొంగిపోయాను.

అందుకే మా చర్చిలో ఆర్గన్ గురించి రిపోర్టు కావలసి వచ్చినప్పుడు కమిటీ వాళ్లు నన్నే అడిగారు. అది ఎక్కడిది, ఎవరు వాయించారు, ఇప్పుడు ఏ స్థితిలో ఉంది, రాసి ఇవ్వమన్నారు. ఎల్బీనగర్ చౌరస్తా దాటి లోపలి కాలనీలో ఉంటుంది మా చర్చి. రేకుల షెడ్డుగా మొదలై, స్లాబు పడి, ఇప్పుడు దాని పక్కనే కొత్త హాలు లేచింది. ఆర్గన్ మోగే స్థితిలో ఉంటే కొత్త హాల్లో బలిపీఠం పక్కన పెడదామని, దాని మీద ఇత్తడి పలక ఒకటి కొట్టించి, ఇన్నేళ్లూ దాన్ని వాయించిన మా అక్క పేరు చెక్కిద్దామని కమిటీ అనుకుంది. మోగకపోతే కొత్త హాల్లో దానికి చోటు లేదు. మా అక్క పోయి అప్పటికి నాలుగు నెలలు.

ఆర్గన్ అంటే గోడ నిండా గొట్టాలుండే పెద్ద రకం కాదు. మాది రాసుకునే బల్లంత ఉంటుంది. కింద రెండు పెడళ్లు. వాటిని కాళ్లతో మార్చి మార్చి తొక్కితే లోపల తిత్తి ఆడుతుంది. పైన నలభై తొమ్మిది మెట్లు, నల్లవీ తెల్లవీ కలిపి. ఒక్కో మెట్టుకూ లోపల ఒక్కో ఇత్తడి రేకు. మెట్టు నొక్కితే గాలికి ఆ రేకు అదిరి మోగుతుంది. చేతి హార్మోనియం తెలిసినవాళ్లు దీన్ని దానికి పెద్దమ్మ అనుకుంటే సరిపోతుంది.

చరిత్ర రాయడం నాకు కష్టం కాలేదు. అదంతా అక్క చెప్పిందే. ఎప్పుడో ఓడలో వచ్చి, నల్లగొండ వైపు ఒక ఊళ్లో మిషన్ వాళ్లు కట్టించిన చర్చిలో ఏళ్ల తరబడి ఉంది. ఆ చర్చి పైకప్పు కూలాక అక్కడివాళ్లు దాన్ని మాకిచ్చేశారు. ఊక బస్తాల లారీలో తెచ్చాం. డ్రైవరు పక్కన కూర్చోమంటే అక్క వినలేదు. టీచరమ్మ, పట్టుచీర కట్టుకుని బస్తాల మీద కూర్చుని దాన్ని దారిపొడుగునా చేత్తో పట్టుకుని వచ్చింది. ఎల్బీనగర్‌లో దిగేసరికి తల నిండా ఊకే. "ఒరేయ్, దీనికి దెబ్బ తగల్లేదు చూడు" అంది ముందుగా. తల దులుపుకోవడం తర్వాత.

మాది గుంటూరు జిల్లా. అక్క నాకంటే పదకొండేళ్లు పెద్దది. మా అమ్మ మంచం పట్టాక నన్ను చంకనేసుకుని తిరిగింది అక్కే. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదో మేం అడగలేదు, తను చెప్పలేదు. మిషన్ హాస్టల్లో చదువుకునేటప్పుడు ఆర్గన్ నేర్చుకుంది. సరూర్‌నగర్‌లో ఒక బళ్లో పాఠాలు చెప్పి, అక్కడే ఒక పోర్షన్‌లో అద్దెకుండేది. ఆదివారం పొద్దున్నే షేర్ ఆటోలో వచ్చేసేది. ఆరాధనలో పాడే పాటల వరస నేను చీటీ మీద రాసి తన చేతికివ్వాలి. కమిటీ సెక్రటరీగా అది నా పని. తను ఆ చీటీని ఆర్గన్ మీద కీర్తనల పుస్తకం కింద దోపుకుని వాయించేది. ఇరవై ఏళ్లకు పైగా ఇదే మా ఇద్దరి ఆదివారం.

చివరి నాలుగేళ్లలో అక్కకు ఒక మొండితనం వచ్చింది. ఏ పాటైనా ఒకే శృతిలో వాయించేది. హార్మోనియం వాళ్ల లెక్కలో నాలుగో శృతి. పెళ్లికైనా అదే, సమాధుల తోటకు వెళ్లేముందు పాడే పాటకైనా అదే. పైగా నా చీటీలో పాటలు కొట్టేసేది. "ఇది వద్దురా, ఇంకోటి రాయి." ఎందుకొద్దంటే చెప్పదు. కొన్ని పాటలు మా చర్చిలో వినబడకుండానే పోయాయి. క్వయర్‌లో పాడే పిల్లలు నా దగ్గరకొచ్చి గొణిగేవారు. నాకసలే ముక్కు మీద కోపం. "ఏం అక్కా, మిగతా మెట్లకేమైనా పస్తులా? ఒక్క శృతి పట్టుకుని వేలాడతావేం?" అంటే నవ్వేసి, "వయసైపోయిందిరా, వెతుక్కోలేను" అనేది. అప్పుడు కుడిచెయ్యి ఎప్పుడూ కొంగు కింద ఉండేది. నేను చూశాను. చూసి ఊరుకున్నాను.

కొత్తగా వచ్చిన పాస్టరు గారు కుర్రవాడు, మంచివాడు. ఒక ఆదివారం మెల్లగా అడిగాడు. "ఆంటీ, పిల్లల గొంతుకు ఈ శృతి అందుతలేదు. జర పెంచుతరా?" అక్క, "ఇందులో ఇంతే అయ్యగారూ" అంది. ఆయన సరేనన్నాడు. నేను సరేననలేదు. పై వారం నుంచి చీటీ కింద పెద్దక్షరాలతో 'శృతి పెంచు' అని రాయడం మొదలుపెట్టాను. రెండు వారాలు చూసి, 'సాకులొద్దు' అని కూడా చేర్చాను. అక్క అవి చదివి మడిచి పర్సులో పెట్టుకునేది.

ఈస్టరుకు ముందు వారం, మట్టలాదివారం నాడు చర్చి కిటకిటలాడుతోంది. పిల్లలు మట్టలు పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డారు. చీటీ ఇస్తూ, అందరూ వినేలాగే అన్నాను. "ఇవాళ పెంచకపోతే బాగుండదక్కా." అక్క నా ముఖంలోకి ఒకసారి చూసి, "అలాగేలేరా" అంది. పెంచింది. పాట మొదలైంది. మొదటి చరణంలోనే ఆర్గన్ మధ్య మధ్య మూగబోయింది. పాట వెళ్తూ వెళ్తూ గోతిలో పడ్డట్టు స్వరం ఆగిపోవడం, మళ్లీ లేవడం. అక్క వేళ్లు ఆ మెట్ల మీదే ఉన్నాయి, నొక్కుతూనే ఉన్నాయి. చప్పుడు లేదు. పిల్లల్లో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు దావానలంలా బెంచీల మీదికి పాకింది. నా తల తీసేసినట్టయింది. లేచి నడుచుకుంటూ వెళ్లి ఆర్గన్ పక్కన నిలబడి, "చాల్లే అక్కా. ఇక లే" అన్నాను.

అందరి ముందూ అన్నాను. నన్ను చంకనేసుకుని పెంచిన మనిషిని.

అక్క మూత వేసింది. స్టూలు మీద నుంచి లేచి, ఆడవాళ్ల వైపు చివరి బెంచీలో కూర్చుంది. ఆరాధన అయ్యాక ఇద్దరం ఒకే షేర్ ఆటో ఎక్కాం. తను ఏడుస్తుందేమో, తిడుతుందేమో అని చూశాను. దిల్‌సుఖ్‌నగర్ వస్తుండగా, "ఇంట్లో ఉప్మారవ్వ అయిపోయింది, ఇక్కడ దిగుతాను" అని దిగిపోయింది. మెట్రో స్తంభాల నీడలో, జనం మధ్యలో కొంగు సర్దుకుంటూ పోతుంటే నేను ఆటోలోంచి చూస్తూ ఉన్నాను. దిగి వెంట వెళ్లి ఉండాల్సింది. ఎండగా ఉందని దిగలేదు.

అయిదారు రోజులకు ఫోన్ చేసింది. "ఒరేయ్, ఒకసారి చర్చికొస్తావా? చిన్న పనుంది. గట్టి స్క్రూడ్రైవరొకటి పట్టుకురా." నా ఒళ్లు మండిపోయింది. "ఆ డొక్కు పెట్టె జోలికి ఇక పోకక్కా, నీకు దణ్ణం పెడతాను. జరిగింది చాలదా?" అన్నాను. "సరేలే" అని పెట్టేసింది. మళ్లీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

ఆ తర్వాత ఆరేడు నెలలే బతికింది. జ్వరం ముదిరి ఊపిరితిత్తుల్లోకి వెళ్లింది. ఆస్పత్రిలో డాక్టరు తన చెయ్యి పట్టుకుని, "ఈ వణుకు ఎన్నాళ్ల నుంచి?" అని నన్నడిగాడు. ఈమధ్యేనండీ అన్నాను. మంచం మీంచి అక్క, "నాలుగేళ్లు దాటింది" అంది. నా వైపు చూడకుండా అంది. ఆ నాలుగేళ్లకూ, ఆ ఒక్క శృతికీ ముడి పెట్టి చూసే తెలివి నాకప్పుడు లేదు. మూడో రోజు ప్రభువు పిలుచుకున్నాడు.

ఇక రిపోర్టు సంగతి. ఒక శనివారం మధ్యాహ్నం పాత చర్చి తాళం తీయించి ఒక్కణ్ణే వెళ్లాను. ఆర్గన్ మీద దుమ్ము. స్టూలు మీద అక్క పాత చీరతో కుట్టుకున్న దిండు, మధ్యలో తను కూర్చున్న గుంట అలాగే ఉంది. దాని మీద కూర్చోలేక, తీసి పక్కన పెట్టలేక, స్టూలు అంచు మీద ఒరిగి పెడళ్లు తొక్కాను. ఎడమ నుంచి కుడికి ఒక్కో మెట్టే నొక్కుతూ కాగితం మీద టిక్కులు పెట్టాను. ఎడమవైపంతా మోగింది. కుడిచేతి వైపు పది మెట్లు మోగలేదు. ఎనిమిది నల్లవి, రెండు తెల్లవి. నాకు సంగీతం రాదు. పది అని రాసుకున్నాను, అంతే.

వెనక పలకకు ఆరు స్క్రూలున్నాయి. స్క్రూడ్రైవరు నా సంచిలోనే ఉంది. తీయలేదు. ఇంకో పది నిమిషాలు అక్కడుంటే ఆ దిండు మీద పడి భోరుమనేవాణ్ణి. అదీ నిజమే, ఇంకోటీ నిజమే. ఆ మట్టలాదివారం తప్పు ఆర్గన్‌దేనని తేలితే బాగుండునని నా మనసులో ఉంది. పెట్టె చచ్చింది కాబట్టి పాట చెడింది, కాబట్టి నేను లెమ్మన్నది న్యాయమే. అక్కడే స్టూలు అంచున కూర్చుని రాశాను. 'నలభై తొమ్మిదింట పది మెట్లు మోగవు. రేకులు విరిగి ఉండవచ్చు. విడిభాగాలు దొరకవు. బాగుచేయడం వీలుపడదు.' కింద సంతకం పెట్టాను. అక్క పేరుతో ఇత్తడి పలక ఇక ఉండదని తెలిసే పెట్టాను. నిజం నిజమే కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. థూ, నా నిజం!

కమిటీ దాన్ని దిల్‌సుఖ్‌నగర్‌లో హార్మోనియంలు బాగుచేసే ఒక సాయిబుగారికి ఇచ్చేసింది. పాత రేకులు ఆయనకు పనికొస్తాయి కదా అని. రెండు వారాల తర్వాత ఆయన నుంచి ఫోనొచ్చింది. "రిపోర్ట్ రాసిన సార్ మీరేనా? ఒకసారి దుకాణానికి రాండ్రి."

కోచింగ్ సెంటరు మెట్ల కింద గూడంత దుకాణం ఆయనది. పైకి కిందికి పిల్లలు చెప్పులు టపటపలాడించుకుంటూ ఎక్కి దిగుతున్నారు. సాయిబుగారికి డెబ్బై దాటి ఉంటాయి. నన్ను ముక్కాలిపీట మీద కూర్చోబెట్టి, కళ్లద్దాలు పైకి నెట్టి, చిన్న రేకు డబ్బా ఒకటి నా ముందు పెట్టాడు.

"గీ పది రీడ్లు ఖరాబ్ అని రాసిన్రు కదా సార్. ఎవరు చెప్పిన్రు మీకు?"

"నొక్కి చూశాను. మోగలేదు."

"ఇప్పి చూసిన్రా?"

ఆయన డబ్బాలోంచి ఒక ఇత్తడి రేకు తీసి, తుడిచి, పెదాల దగ్గర పెట్టుకుని ఊదాడు. సన్నగా, శుభ్రంగా మోగింది. ఇంకోటి తీశాడు. అదీ మోగింది. పదీ మోగాయి. తర్వాత చొక్కా జేబులోంచి చిన్న పొట్లం తీసి విప్పాడు. అందులో సన్నగా కత్తిరించిన కాగితం ముక్కలు, పది.

"రేకు కింద కాయితం పెడితే అది అదరదు సార్, మోగదు. ఎవరో బుద్ధిగ, రేకుకు గీత పడకుండ పెట్టిన్రు. ఏ మెట్లకు పెట్టిన్రో చూస్తే నాకు సమఝ్ అయింది. నాలుగో శృతిలో పాడితే గీ పది మెట్లతోని పనే లేదు, గవి కావాల్సిన పాటలు ఇడిచిపెడితే సాలు. పనిలేని మెట్లన్నీ మూసేసిన్రు. ఇగ వేలు జారి పక్క మెట్టు మీద పడ్డా చప్పుడు రాదు, తప్పు ఎవరికీ వినబడది. చెయ్యి వణికేటోళ్లు చేసిన పని సార్ ఇది. యాభై ఏళ్ల సంది గీ పని చేస్తున్న, గిసువంటి దిమాక్ ఎన్నడు చూడలే. ఎవరు వాళ్లు?"

"మా అక్క" అన్నాను.

ఆయన లేచి నీళ్లు తెచ్చిచ్చాడు. ఆర్గన్ ఎక్కడుందని అడిగాను. చెక్క వడ్రంగి పట్టుకుపోయాడు, తిత్తి తోలు కోసేశాను, రేకులొక్కటే మిగిలాయి అన్నాడు. "ఫోన్ జర ముందుగాల చేయాల్సి ఉండె. మాఫ్ చేయుండ్రి సార్" అని ఆయనే నొచ్చుకున్నాడు. ఆయన మాఫీ అడగడమేంటి, నా ఖర్మ కాకపోతే. ఆ పది రేకులూ కాగితాలూ పొట్లం కట్టి నా చేతిలో పెట్టాడు.

అక్కణ్ణుంచి సరాసరి చర్చికి వెళ్లాను. ఊడ్చే ఆమె చాపలు దులుపుతోంది. చర్చి కట్టినప్పటి నుంచీ ఉన్న మనిషి. ఆర్గన్ వెనక పలక ఎవరైనా విప్పడం చూశావా అమ్మా అని అడిగాను.

"అమ్మగారే ఇప్పేది సార్. బేస్తారం బేస్తారం ఒచ్చేది. కత్తెర, కాయితాలు ముంగటేసుకొని కూసునేది. ఏందమ్మా అంటే, గాలి పోతుంది, పాత కాయితం తీసి కొత్తది పెడుతున్న అనేది." చాప కింద పెట్టి ఆగింది. "మట్టల పండుగ అయినంక గూడ ఒక్కసారి ఒచ్చింది. కాయితాలు తీసేద్దామని. నా తర్వాత వాయించేటోళ్లకు పెట్టె సక్కగుండాలె కదా అన్నది. స్క్రూలు తిరుగుతలెవ్వు చేతికి. మస్తు సేపు గుంజింది పాపం. నేను తిప్పుతా ఇటియ్యుండ్రి అంటె, వద్దన్నది. మా తమ్మునికి ఫోన్ చేస్తున్న, వాడొస్తడు, వానికే సూపియ్యాలె అన్నది. మీరు ఒచ్చిన్రా సార్?"

రాలేదు. డొక్కు పెట్టె అన్నాను. దణ్ణం పెడతానన్నాను. నాలుగేళ్లు దాచుకున్నదాన్ని నాకు విప్పి చూపిద్దామని, స్క్రూడ్రైవరు తెమ్మని పిలిచింది అక్క. నేను వెళ్లలేదు. పోయాక అదే పలక ముందు నిలబడి, సంచిలో స్క్రూడ్రైవరు పెట్టుకుని, మళ్లీ విప్పలేదు.

అక్క బెంచీ మీద, ఆ చివర్న, తను కూర్చున్న చోటే కూర్చుని పొట్లం విప్పాను. కాగితం ముక్కల మీద నీలం సిరా ఉంది. నా చేతిరాతే. ఆదివారం ఆదివారం నేనిచ్చిన పాటల చీటీలనే సన్నగా కత్తిరించింది. ఒకదాని మీద పాట నంబరు. ఒకదాని మీద సగం తెగిన 'ప్రార్థన'. ఎనిమిదో ముక్క మీద 'శృతి పెం', అక్కడికి తెగింది. తొమ్మిదో దాని మీద 'సాకులొద్దు' నిండుగా ఉంది. మట్టలాదివారం నాడు అక్క వేలు నొక్కి నొక్కి మోగని మెట్ల కింద ఉన్నది నా మాటే. చిన్నపిల్లాడిలా ఏడ్చాను. ఊడ్చే ఆమె చాప వదిలేసి వచ్చి పక్కన నిలబడింది.

మర్నాడు కొత్త రిపోర్టు రాసి పాస్టరు గారికి తీసుకెళ్లి ఇచ్చాను. ఆయన చదివి తలెత్తాడు. "అంకుల్, ఆర్గనే లేదు కదా. ఇప్పుడు రాసి ఏం ఫాయిదా?"

"ఫాయిదా ఏం లేదు అయ్యగారూ. ఫైల్లో పెట్టండి" అన్నాను.

అందులో మూడే మూడు ముక్కలున్నాయి. మెట్లు నలభై తొమ్మిది, అన్నీ మోగేవి. మొదటి రిపోర్టు తప్పు. తెరిచి చూడకుండా సంతకం పెట్టాను.